పాత కారు జాతకము

సెకండ్ హ్యాండ్ కారు కొనువారు రంగును, రీడింగును, ధరను చూతురు. ఆ బండికి తయారీదారుడు ఉచితముగా చేసిపెట్టవలసిన మరమ్మతు ఏదైన మిగిలియున్నదా యని అడుగువారు మాత్రము అరుదు. ప్రాణములతో ముడివడిన ప్రశ్న అదియే. ఆ ప్రశ్న యేల ముఖ్యమో శ్రీకాళహస్తిని చూచిన తెలియును.

సువర్ణముఖి యొడ్డున వాయులింగమై వెలసిన కాళహస్తీశ్వరుని సన్నిధికి రాహుకేతు శాంతి కోరి వచ్చు జనుల కెన్నడును కొదువ లేదు. నాయుడుపేట నుండి తిరుపతికి సాగు 71వ నంబరు జాతీయ రహదారి యీ పట్టణమును తాకి పోవుటచేతను, రేణిగుంట విమానాశ్రయమును తిరుపతి రైల్వే స్టేషనును ఇంచుమించు గంట దూరములోనే యుండుటచేతను, తిరుమల, కాళహస్తి, కాణిపాకములను ఒక్క ప్యాకేజీగా కట్టి యాత్రికులను త్రిప్పు ట్యాక్సీలు ఇచ్చట వేకువ మొదలు రాత్రి దాక కదలుచునే యుండును. వాని ప్రక్కనే, పెండ్లికిని, ఆస్పత్రికిని, పిల్లల కాలేజీకిని అక్కరకు వచ్చునని అప్పో సప్పో చేసి చుట్టుప్రక్కల పల్లెలవారు కొనుకొన్న సొంత కార్లును నిలిచియుండును.

1958లో తయారీ మొదలై 2014లో ఆగిన అంబాసిడరును, 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800ను చూచిన తరము ఇంకను మన నడుమ నున్నది. వాని వెనుక ఇండికా వచ్చెను, క్వాలిస్ వచ్చెను, టవేరా వచ్చెను, 2005లో ఇన్నోవా వచ్చి యాత్రికుల బండి యనిన నిదియే యనిపించుకొనెను. ఏ బండియైనను కొత్తగా నుండు కాలము కొద్ది. పాతదై మసలు కాలమే యెక్కువ. చెన్నైలోనో, బెంగళూరులోనో, హైదరాబాదులోనో నాలుగైదేండ్లు తిరిగి, ఎన్.ఓ.సి. చేతబట్టుకొని, లైఫ్ ట్యాక్సు మరల కట్టించుకొని, ఆంధ్రప్రదేశ్ నంబరు వేయించుకొని ఇచ్చటికి చేరిన కార్లు కలవు. "డాక్టరు వాడిన బండి సామీ, సింగిల్ ఓనరు, షెడ్డు మొహమే చూళ్ళేదు" అని బ్రోకరు చెప్పు మాటయే వాని పూర్వచరిత్రగా చెలామణి యగుచుండును.

పాత కారునకు వచ్చు బాధలు రెండు తెగలు. వాడుకవలనను, వయస్సువలనను వచ్చునది జరాదోషము. ఫ్యాక్టరీలో పుట్టినప్పుడే వెంట వచ్చినది జన్మదోషము. మొదటిదానికి యజమాని డబ్బు పెట్టుకొనవలయును. రెండవదానికి తయారీదారుడే పరిహారము చేయవలయును. ఈ భేదము తెలియక, మొదటిదానిని గూర్చి పగలెల్ల మాటలాడుకొని రెండవదానిని గూర్చి పల్లెత్తు మాట యనకుండుటయే మన పాత కార్ల సంతలోని పెద్ద లోటు.

వయస్సు తెచ్చు బాధలు

మెకానిక్ షెడ్డులలో వినవచ్చు ఫిర్యాదులలో ఈ సీమయందు తొలి తాంబూలము వేడిమిదే. రాహుకాల పూజకు యాత్రికులు లోనికి పోయినపుడు డ్రైవరు ఏసీ వేసికొని ఎండలో బండిని నిలిపియుంచును. కదలని బండికి ఎదురుగాలి యుండదు గనుక రేడియేటరును చల్లార్చు భారమంతయు ఒక్క ఫ్యానుపై పడును. ఆ ఫ్యాను మోటారు అలసియున్నను, కూలెంటునకు మారుగా కొళాయి నీరు పోసి పైపులలో తుప్పు పెంచియున్నను, ఉష్ణము మీరి హెడ్ గాస్కెట్ పోవును. పదివేలలో ముగియవలసిన పని యింజను విప్పుట దాక పోవుటకు దారి యిదియే. ఏసీ గ్యాసు ప్రతి వేసవిలోను నింపించుకొనుచున్నామని వగచువారు, గ్యాసు తనంతట హరించునది కాదనియు, ఎక్కడో కారుచున్నదనియు, కారుచోటు పట్టనిదే నింపుట వ్యర్థమనియు గ్రహింపవలయును.

రెండవది బ్రేకుల బాధ. తిరుమల కనుమ దిగునపుడు న్యూట్రల్‌లోనో పై గేరులోనో బండిని వదలి బ్రేకుపైననే కాలుంచువారికి, సగము దిగునప్పటికి పెడలు మెత్తబడి లోనికి పోవుట అనుభవమే. ఇందుకు ప్యాడ్‌లు మాత్రమే కారణము కావు. బ్రేక్ ఆయిలునకు గాలిలోని తేమను పీల్చు గుణము కలదు. డాట్ 4 రకపు కొత్త ఆయిలు కనీసము 230 డిగ్రీల సెల్సియస్ దాక మరుగకుండ నిలువవలసియుండగా, తేమ పీల్చినదానికి ప్రమాణము నిర్ణయించిన కనీసము 155 డిగ్రీలే. ఆయిలు మరిగి ఆవిరియైనచో పెడలు నొక్కిన బలము చక్రమును చేరదు. రెండేండ్ల కొకమారు దానిని మార్పించుట స్వల్ప వ్యయము. పాత కారు కొన్నవారిలో దానిని మార్పించితిమని చెప్పగలవారు కొలదిమంది.

ఇక సస్పెన్షన్ బుష్‌లు, లింక్ రాడ్‌లు, క్లచ్ ప్లేటు, స్టీరింగ్ ర్యాకులోని చప్పుడు, పాత డీజిలు బండ్ల ఇంజెక్టర్లు, ఎలుకలు కొరికిన వైరింగు మొదలైనవి అందరెరిగిన గృహచ్ఛిద్రములే. చిత్రమేమనగా, ఈ ఫిర్యాదులలో తరచుగా వినవచ్చు రెండు వస్తువులు, బ్యాటరీయు టైరును, మన కనుచూపు మేరలోనే తయారగుచున్నవి. అమరాన్ బ్యాటరీలకు పుట్టినిల్లు తిరుపతి-రేణిగుంటల చెంతనున్న కరకంబాడి. శ్రీసిటీ చేరువనున్న చినపాండూరులో 2020 నుండి అపోలో టైర్ల కర్మాగారము నడచుచున్నది. టైరు ప్రక్కగోడపై డాట్ అను అక్షరముల వెంట సాగు సంకేతమునకు చివర నాలుగంకెలుండును. మొదటి రెండును వారము, తరువాతి రెండును సంవత్సరము. 2317 అని యున్నచో 2017వ సంవత్సరపు ఇరువది మూడవ వారమున పుట్టిన టైరని యర్థము. గాళ్ళు లోతుగా నున్నను రబ్బరు ముసలిదగును. ఈ నాలుగంకెలు చదువుటకు మెకానిక్ అక్కరలేదు.

వరదబాధ వేరు. 2015 డిసెంబరులో చెన్నై మునిగినప్పుడును, 2021 నవంబరులో తిరుపతి వీథులే యేరులై సువర్ణముఖి పొంగినప్పుడును, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను చెన్నైని ముంచినప్పుడును కార్లు నీట నిలిచినవి. నీరు చొచ్చిన బండిని ఆరబెట్టి, సీట్లు కుట్టించి, పాలిష్ పట్టించిన పిమ్మట కంటి కానవాలు దొరకదు. కాని తివాసి క్రింది రేకు, సీటు క్రింది బోల్టు, సీటుబెల్టును అడుగంట లాగినపుడు కనబడు మట్టిచార నిజము చెప్పును. కంప్యూటరు పెట్టెలలోను, ఎయిర్‌బ్యాగు తీగల కొనలయందును చేరిన తుప్పు మాత్రము ఏడాది, రెండేండ్ల తరువాత గాని తన పని చూపదు.

ఫ్యాక్టరీ నుండి వెంట వచ్చినవి

జన్మదోషముల సంగతి యిట్టిది కాదు. ఇచ్చట యజమాని శ్రద్ధకు నిమిత్తము లేదు. ఎంత భక్తితో సర్వీసు చేయించినను లోపము లోపముగానే యుండును. తయారీదారుడు దానిని కనిపెట్టి, ఏ తేది నుండి ఏ తేది దాక తయారైన బండ్లకు అది యున్నదో తేల్చి, వానిని పిలిపించి ఉచితముగా సరిచేయుటనే రీకాల్ అందురు. అమెరికాలో 1965లో రాల్ఫ్ నేడరు వ్రాసిన గ్రంథము కార్ల కంపెనీల నిర్లక్ష్యమును బట్టబయలు చేయగా, మరుసటి యేడే అచ్చటి కాంగ్రెసు మోటారు వాహన భద్రతా చట్టమును చేసెను. మన దేశమున అట్టి బలవంతపు చట్టము లేక, 2012 జూలైలో వాహన తయారీదారుల సంఘమైన సియామ్ స్వచ్ఛంద నియమావళి నొకదానిని ఏర్పరచుకొనెను.

ఆ పిమ్మట వరుసగా బయటపడినవి మన వీథులలో తిరుగు బండ్లే. 2013 జూలైలో జనరల్ మోటార్స్ 1,14,000 టవేరాలను వెనుకకు పిలిచెను. 2005 మొదలు ఎనిమిదేండ్ల పాటు తయారైన ఆ బండ్లు పొగ విషయమునను, ఇతర ప్రమాణముల విషయమునను చట్టము చెప్పిన మేరకు లేవని కంపెనీయే యొప్పుకొనవలసివచ్చెను. అదే సంవత్సరము సెప్టెంబరులో, చెన్నై దగ్గరి మరైమలై నగరులో తయారైన ఫిగో, క్లాసిక్ కార్లు 1,66,021 ఫోర్డు పిలుపునకు పాత్రమయ్యెను. వెనుక చక్రముల నడుమనుండు ట్విస్ట్ బీమును, పవర్ స్టీరింగ్ గొట్టమును అందుకు హేతువులు. 2014లో టయోటా, 2005 - 2008 నడుమ తయారైన 44,989 ఇన్నోవాలను పిలిచెను. స్టీరింగులోని స్పైరల్ కేబుల్ తెగినచో డ్రైవరు ఎయిర్‌బ్యాగు తెరచుకొనకపోవచ్చుననుట అచ్చటి లోపము. మారుతి 2014లో 1,03,311 స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగాలను ఇంధనము పోయు గొట్టపు మెడ కొఱకును, 2020లో 1,34,885 వ్యాగన్ఆర్, బలేనోలను ఇంధన పంపు కొఱకును పిలిచెను. రాయలసీమ గడ్డపై పెనుకొండలో తయారైన కియా కారెన్స్ కూడ ఇందుకు వెలి కాదు. 2022లో 44,174 బండ్లను ఎయిర్‌బ్యాగు సాఫ్ట్‌వేరు సరిచూచుటకై పిలిచిరి.

ఈ పట్టిక చదివి, ఇవి యన్నియు చెడ్డబండ్లని తీర్పు చెప్పుట తొందరపాటు. లోపము లేని యంత్రము లేదు. లోపమును బహిరంగముగా ఒప్పుకొనిన కంపెనీ దాచిన కంపెనీ కంటె నయము. రీకాల్ పని చేయించుకొన్న బండి, అసలు పిలుపే రాని బండితో సమానముగా నిర్భయమైనది. భయపడవలసినది పిలుపు వచ్చియు అందనిదానిని జూచియే.

ఉత్తరము ఏ యింటికి పోయినది?

కంపెనీ పిలుపు ఉత్తరముగానో, ఫోనుగానో, సందేశముగానో పోవునది తన పుస్తకములోనున్న చిరునామాకు. అనగా షోరూములో కారు కొన్న మొదటి యజమానికి. ఆయన దానిని రెండవవానికమ్మెను, రెండవవాడు మూడవవానికమ్మెను, ఫారము 29, ఫారము 30 సకాలమున చేరినచో ఆర్.సి. పై పేరు మారును గాని, కంపెనీ పుస్తకములో మారునని నమ్మకము లేదు. వారంటీ తీరిన పిమ్మట షోరూము సర్వీసు ఖర్చెక్కువని బండి ఊరి షెడ్డుకు మరలును. అంతటితో తయారీదారునికిని బండికిని ఉన్న ఆఖరి దారము తెగును. 2018 అక్టోబరులో సర్వోన్నత న్యాయస్థానము ఢిల్లీ ప్రాంతమున పదేండ్లు నిండిన డీజిలు, పదునైదేండ్లు నిండిన పెట్రోలు బండ్లు తిరుగరాదని ఉత్తరువిచ్చిన తరువాత ఇతర రాష్ట్రములకు తరలిన కార్ల గతి తలచుకొనుడు: పిలుపు ఢిల్లీలోని తలుపు తట్టును, కారు దక్షిణాదిని ఏ పల్లెలోనో యుండును.

బ్రోకరు చేతిలో సంతకము చేసిన ఖాళీ ఫారములతో చేతులు మారు బండ్ల స్థితి మరింత విపరీతము. అట్టి బండి ప్రమాదము చేసినచో నష్టపరిహార బాధ్యత రికార్డులోనున్న యజమానిదేయని సర్వోన్నత న్యాయస్థానము 2018 ఫిబ్రవరిలో, నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ వ్యాజ్యమున తేల్చి చెప్పినది. అనగా అమ్మినవానికి తనది కాని బండి బాధ్యత మిగులును. కొన్నవానికి తనదైన బండి హక్కు అందకపోవును. పేరు మార్పించుకొనుటలోని బద్ధకము ఇరువురకును చేటు.

కంపెనీయే దేశము విడిచినచో? జనరల్ మోటార్స్ 2017తో ఇచ్చట అమ్మకములు మానెను. ఫోర్డు 2021 సెప్టెంబరులో తయారీ నిలిపివేయుచున్నట్లు ప్రకటించెను. సర్వీసును, విడిభాగములను కొనసాగింతుమని రెండును మాట యిచ్చినవి గాని, చిన్న పట్టణమునందలి యజమానికి షోరూము దూరమైనకొలది ఆ మాట విలువ తగ్గును. అట్టి బండి చవుకగా వచ్చుటకు కారణమిదియే. ధరలో తగ్గినది తిప్పటలో పెరుగును.

ఏడేండ్ల గీత

2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము 110-ఏ సెక్షనుతో రీకాలునకు తొలిసారి చట్టబలమిచ్చినది. లోపము ప్రయాణికులకో, దారినపోవువారికో, పర్యావరణమునకో హానికరమైనదని తేలినచో, నిర్ణీత సంఖ్యలో యజమానులు ఫిర్యాదు చేసినచో, ప్రభుత్వము కంపెనీని ఆదేశింపవచ్చును. కంపెనీ బండిని బాగుచేయుటయో, మార్చి యిచ్చుటయో, ధర చెల్లించుటయో చేయవలయును. 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన నియమములు వెనుదీసిన కంపెనీకి పది లక్షల నుండి కోటి రూపాయల దాక జరిమానా నిర్ణయించినవి. ఇంతవరకు మెచ్చదగినదే. కాని ఆ నియమములలో ఒక గీత కలదు: తయారై ఏడేండ్లు నిండని వాహనములకే ఈ యేర్పాటు వర్తించును.

ఆ గీత యెంత యసంగతమో టకాటా ఎయిర్‌బ్యాగుల కథ చెప్పును. జపాను దేశపు టకాటా సంస్థ తన ఎయిర్‌బ్యాగులను తెరిపించు ఇన్‌ఫ్లేటరులో అమ్మోనియం నైట్రేట్‌ను వాడెను. ఏండ్ల తరబడి వేడిమికిని తేమకును లోనైనపుడు ఆ మందు బిళ్ళలు గుల్లబారును. ప్రమాదవేళ అవి కాలవలసినదానికంటె వేగముగా కాలి లోహపు డబ్బాను పగులగొట్టును. ప్రాణము కాపాడవలసిన సంచి చాటునుండి ఇనుప ముక్కలు ముఖమునకును మెడకును దూసికొని వచ్చును. అమెరికాలోనే ఇరువది మందికి పైగా ఇట్లు మరణించిరి. అచ్చట ఇంచుమించు 6 కోట్ల 70 లక్షల ఇన్‌ఫ్లేటర్లు పిలుపునకు లోనయ్యెను. 2017 జూన్‌లో టకాటా దివాలా తీసెను. మన దేశమున హోండా 2016 జూలైలో 1,90,578 కార్లను, 2017 జనవరిలో 2012 నాటి 41,580 కార్లను, 2018 జనవరిలో 2013 నాటి 22,834 కార్లను ఇందుకొఱకే పిలిచెను.

ఈ లోపము బండి పుట్టినప్పుడే యున్నది. కాని పక్వమునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. మూడేండ్ల బండిలో నిదురించునది పండ్రెండేండ్ల బండిలో మేల్కొనును. వేడియు, సముద్రపు తేమయు కలిసిన ప్రదేశమున త్వరగా మేల్కొనును. తూర్పున కడలికిని పడమట రాయలసీమ యెండకును నడుమ నున్న కాళహస్తి అట్టిదే. జన్మదోషమును జరాదోషమును ఏకమగు ఆ వయస్సున, సరిగ్గా ఆ వయస్సుననే, చట్టము తన చేయి వెనుకకు తీసికొనుచున్నది. కంపెనీలు స్వచ్ఛందముగా ఏడేండ్లు దాటిన బండ్లను గూడ పిలిచిన మాట నిజమే. 2005 నాటి ఇన్నోవాకు 2014లో పిలుపు వచ్చుటయే సాక్ష్యము. కాని కంపెనీ సౌజన్యము వేరు, పౌరుని హక్కు వేరు.

బేరమునకు ముందు

అట్లని పాత కారు కొనువాడు నిస్సహాయుడు కాడు. ప్రతి కారునకును పదునేడు అక్షరాంకముల చాసిస్ నంబరు కలదు, అది ఆర్.సి. మీదను, బండి శరీరముపైనను చెక్కియుండును; రెండును సరిపోలుచున్నవో లేదో చూచుట మొదటి పని. పేరు మారును, ఊరు మారును, నంబరు ప్లేటు మారును, చాసిస్ నంబరు మారదు. ఆ బండి జాతకము దాని క్రిందనే వ్రాయబడియున్నది. ప్రధాన కంపెనీల వెబ్‌సైట్లలో ఆ నంబరు కొట్టినచో మిగిలియున్న రీకాల్ కనబడును. అట్లు కాదేని, ఆ కంపెనీ అధీకృత సర్వీసు సెంటరునకు ఫోను చేసి నంబరు చెప్పి అడుగవచ్చును. మీరు ఎన్నవ యజమానియైనను రీకాల్ పనికి రుసుము లేదు. తిరుపతికి పోయివచ్చుటకగు డీజిలు మాత్రమే ఖర్చు.

అదే సర్వీసు సెంటరు చరిత్రలో ఏ తేదికి ఎన్ని కిలోమీటర్లు తిరిగినదో యుండును. మీటరు వెనుకకు త్రిప్పిన సంగతి అచ్చటనే బయటపడును. తాళము త్రిప్పినపుడు ఎయిర్‌బ్యాగు దీపము వెలిగి, కొన్ని క్షణములకు ఆరిపోవలయును; ఆరకుండుట యెంత దోషమో అసలు వెలుగకుండుటయు అంతే దోషము, ఏలయనగా లోపము కనబడకుండ ఆ దీపమును తొలగించువారు కలరు. 2019కి ముందటి చౌక కార్లలో పెక్కింటికి ఎయిర్‌బ్యాగే లేదనియు, డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరియైనది ఆ యేడేననియు మరువరాదు. కొన్న పిదప పేరు మార్పునకును, పదునాలుగు దినములలో ఇన్సూరెన్సు బదిలీకిని అర్జీ పెట్టి, తన పేరును ఫోను నంబరును సర్వీసు సెంటరు పుస్తకములో వ్రాయించుకొన్నచో తరువాతి పిలుపు తన యింటికే వచ్చును. పరిహారము నిరాకరించినచో 1915 నంబరున జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమును, పిమ్మట జిల్లా వినియోగదారుల కమిషనును ఆశ్రయింపవచ్చును.

కాని యిన్ని జాగ్రత్తలును చదువుకొన్నవానికి, తీరికగలవానికి. వ్యవస్థ చేయవలసినది వ్యక్తిపై మోపుట న్యాయము కాదు. జపాను ప్రభుత్వము 2018 మే నుండి, టకాటా పిలుపులలో ప్రమాదకరములైనవాటిని పెడచెవిని పెట్టిన కార్లకు ఫిట్‌నెస్ తనిఖీయందు ఉత్తీర్ణత నీయరాదని శాసించెను. మన యొద్ద ట్యాక్సీకి ఎనిమిదేండ్ల దాక రెండేండ్ల కొకమారు, ఆపై ఏటేటను ఎఫ్.సి. తప్పదు, సొంత కారునకు పదునైదేండ్లు నిండగానే తప్పదు. ఆ తనిఖీలో బ్రేకులు చూతురు, దీపములు చూతురు, పొగ చూతురు. మిగిలియున్న రీకాల్ ఉన్నదా యని చూచుట లేదు. వాహనముల రికార్డులు ప్రభుత్వపు వాహన్ కంప్యూటరులో ఉన్నవి; రీకాల్ జాబితాలు కంపెనీల కంప్యూటర్లలో ఉన్నవి; రెంటిని ముడివేసి, పేరు మార్పునకు వచ్చిన ప్రతి అర్జీపైనను, ఎఫ్.సి.కి వచ్చిన ప్రతి బండిపైనను "రీకాల్ మిగిలియున్నది" అని ఒక్క పంక్తి అచ్చొత్తించుటకు కొత్త చట్టము కూడ అవసరము లేదు. ఏడేండ్ల గీతను చెరపుటకు మాత్రము నియమమును సవరింపవలయును. ఈ రెండును జరుగువరకు, బయానా చేతిలో పెట్టుటకు ముందు బ్రోకరును అడుగవలసినది "ఎంత తిరిగింది?" అని కాదు, "చాసిస్ నంబరు చెప్పు" అని. చెప్పుటకు బ్రోకరు వెనుకాడిన బండిని ఎంత చవుకగా వచ్చినను వదలివేయుటే లాభము.